మంత్రి గారూ, అప్పు కాగితం చదవడం నేర్పకుండా పదో తరగతి పాస్ చేయకండి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఒక పల్లెలో బ్యాంకు మిత్రగా, అంటే బ్యాంకు తరపున ఊళ్లోనే వేలిముద్ర మెషీన్‌తో జనానికి డబ్బు తీసిచ్చే మనిషిగా పనిచేస్తున్నాను. హైస్కూల్లో డబ్బు లెక్కల చదువు పెట్టాలని, అందులో పాసైతేనే పదో తరగతి పాసైనట్టు చూడాలని చాలా కాలంగా అర్జీలు పెడుతున్నాను. మండలంలో ఇచ్చాను, జిల్లాలో ఇచ్చాను, ఆన్‌లైన్‌లోనూ పంపాను. ప్రతిసారీ కొన్నాళ్లకు ఫోన్‌కి ఒక మెసేజ్ వస్తుంది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కారం చేశారని వెళ్లి అడిగితే, ఇది మా పరిధిలోది కాదమ్మా, పైవాళ్లు చూడాలి, అందుకే క్లోజ్ చేశాం అన్నారు. ఆ పైవాళ్లు మీరే అనుకుని, నలుగురూ చూసేలా ఈ లేఖ మీకు రాస్తున్నాను.

ఆర్థిక అక్షరాస్యత కార్యక్రమాలు ఇప్పటికే ఉన్నాయి కదా అని మీ అధికారులు మీకు చెబుతారు. ఉన్నాయి. ఏటా ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ వారోత్సవం జరుగుతుంది. బ్యానర్లు కడతాం, ర్యాలీ తీస్తాం, నేను కూడా వెళ్లి మాట్లాడతాను. కానీ ఆ మీటింగుకి పదో తరగతి పిల్లలు రారు. ఫిబ్రవరిలో వాళ్లకు ప్రీ ఫైనల్స్, పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్. ఇంక నెల తిరిగితే పరీక్షలు రాసి బడి వదిలి వెళ్లిపోయే పిల్లలకి తప్ప మిగతా అందరికీ మేం డబ్బు జాగ్రత్తలు చెబుతున్నాం. రిజర్వ్ బ్యాంక్, సెబీ లాంటి నాలుగు నియంత్రణ సంస్థలు కలిసి పెట్టిన జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా వర్క్‌బుక్‌లు కూడా తయారు చేయించింది. అవి మా వైపు బడుల్లో ఏ పిల్లాడి సంచిలోనూ నేను చూడలేదు. అదే సంస్థ 2019లో చేసిన సర్వేలో దేశంలో పెద్దవాళ్లలో 27 శాతం మందికే ఆర్థిక అక్షరాస్యత ఉందని తేలింది. ఇక 2020 జాతీయ విద్యా విధానం ఆర్థిక అక్షరాస్యత అన్న మాటను వయోజన విద్య అధ్యాయంలో, జీవన నైపుణ్యాల కింద రాసింది. పెద్దయ్యాక, మోసపోయాక, రాత్రి బడిలో నేర్చుకోవాల్సిన చదువా సార్ ఇది?

మా ఊళ్లలో పదో తరగతి అంటే ఏమిటో మీకు కాస్త వివరంగా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ అప్పుల మీదే గడిచాయి. కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో మందులకీ ప్రయాణాలకీ అప్పే. ఆ అప్పుల కాగితాలు చదివేది ఎవరు? తల్లిదండ్రులకు సంతకం వస్తే గొప్ప. ఇంట్లో పదో తరగతి చదివిన పిల్లో పిల్లాడో ఉంటే వాళ్లే ఆ ఇంటి రైటరు, గుమస్తా, ఫోన్ ఆపరేటరు. ఫైనాన్స్ కుర్రాడు ఇంటికొచ్చి కాగితాల కట్ట ముందు పెడితే, అమ్మకు సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించేది ఆ పిల్లలే. ఆ కట్టలో ఏ కాగితం చదవాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఒక పిల్లాడి సంగతి చెబుతాను. పేరు, ఊరు రాయను, ఆ కుటుంబం ఇప్పటికే చాలా తలవంపులు పడింది. పదో తరగతిలో లెక్కల్లో తొంభై పైన మార్కులు. ఇంటర్ చదువుతూ ఆర్మీకి వెళ్లాలని కోచింగ్‌లో చేరాడు. మా జిల్లాలో ఇంటికొకరు అన్నట్టు సైన్యంలోకి వెళ్లాలని చూస్తారు, మీకు తెలిసిందే. ఫీజుకి కొంత తక్కువ పడింది. తండ్రిని అడగడానికి మొహమాటపడి ఫోన్‌లో ఒక లోన్ యాప్ దించుకున్నాడు. ఐదు వేల అప్పు అని చూపించింది. ఖాతాలో పడింది 3,100. మిగతా 1,900 ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ అని ముందే కోసేశారు. ఏడో రోజుకి ఐదు వేలు పూర్తిగా కట్టాలి. అంటే నూటికి 61 రూపాయల వడ్డీ, అదీ వారానికి. మా ఊళ్లో నూటికి నెలకు మూడు రూపాయలు అడిగితేనే రక్తం తాగుతున్నాడంటారు.

ఏడో రోజుకి కట్టలేక ఇంకో యాప్, దాన్ని తీర్చడానికి మరొకటి. తరువాత ఫోన్లు మొదలయ్యాయి. వాళ్ల చెల్లి ఫొటోని పాడుచేసి బంధువులకి, మాస్టార్లకి పంపారు. ఆ టెన్షన్‌లో పిల్లాడు తిండి మానేశాడు. ఒకరోజు తల్లి నా దగ్గరికి వచ్చింది. 'మొత్తం తీసియ్యమ్మా, పిలగాడు అడుగుతన్నాడు' అంది. ఆమె ఖాతాలో ఉన్నది తల్లికి వందనం డబ్బు, చిన్న కూతురి చదువు కోసం మీ ప్రభుత్వం వేసిన 13 వేలు. మెషీన్‌లో ఒకసారికి పది వేలకు మించి రాదు. పది వేలు తీసి ఇచ్చాను. మిగతా దానికి మర్నాడు వచ్చి మళ్లీ వేలు పెట్టింది. సంగతి బయటపడింది ఆ రెండో రోజున, నేను గుచ్చి గుచ్చి అడిగితే. అప్పుడు 1930కి ఫోన్ చేయించాను. సైబర్ మోసానికి ఆ నంబరు ఉందని, డబ్బు పోయిన వెంటనే చేస్తే ఎంతో కొంత ఆపగలరని ఆ పిల్లాడికి తెలియదు. అప్పటికే కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. ఇంటర్ పరీక్షలు రాయకుండా చెన్నైలో బిల్డింగ్ పనికి వెళ్లిపోయాడు.

సార్, ఈ పిల్లాడికి లెక్కలు రాక ఇలా అయిందని ఎవరైనా అనగలరా? ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ నేర్చుకున్నాడు. అసలు ఇంత, రేటు ఇంత, కాలం ఇంత, మొత్తం కనుక్కోండి అంటే నిమిషంలో చేస్తాడు. మన పుస్తకంలో ప్రతి లెక్కలోనూ వడ్డీ రేటు ముందే ఇచ్చి ఉంటుంది. బయట అప్పు ఇచ్చేవాడు దాచేది సరిగ్గా ఆ రేటునే. రేటు దాచిపెట్టిన లెక్క ఒక్కటి కూడా పదేళ్ల చదువులో ఆ పిల్లాడి ముందుకు రాలేదు.

ఇలాంటి లెక్కలు మా చుట్టూ ఎన్నో. డైలీ ఫైనాన్స్ తీసుకోండి. పది వేల అప్పు రాయించుకుంటారు, చేతికి ఎనిమిదిన్నర వేలు ఇస్తారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. చేపలు అమ్ముకునే ఒక పెద్దమ్మని ఎందుకమ్మా ఇది తీసుకున్నావంటే, 'పదేలకి పదిహేనొందలే కదమ్మా, నూటికి పదిహేను, ఏటి ఎక్కువ?' అంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కట్టేస్తోంది. ఆ వంద రోజుల్లో సగటున ఆమె చేతిలో ఉండేది నాలుగు వేల చిల్లర. ఏడాది లెక్కకి తెస్తే ఆ వడ్డీ నూటికి 120 దాటుతుంది. కాగితం మీద నేను వేసి చూపిస్తే ఆమె పక్కనే ఉన్న మనవరాలు, తొమ్మిదో తరగతి పిల్ల, వెంటనే పట్టేసింది. మళ్లీ తనే వాళ్ల నాయనమ్మకి వివరించింది. చెప్పేవాళ్లు ఉంటే పిల్లలకి ఎంతసేపు పడుతుంది?

బైక్ ఫైనాన్స్ చూడండి. తొంభై వేలకి మూడేళ్లు, ఫ్లాట్ 12 శాతం, అంటే అసలు తగ్గుతున్నా మొదటి తొంభై వేల మీదే మూడేళ్లూ వడ్డీ, నెలకి 3,400 అంటారు. కుర్రాళ్లు 12 శాతమే కదా అనుకుంటారు. తగ్గుతూ వచ్చే అసలు మీద లెక్కేస్తే అది 21 శాతం పైన పడుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి ఏ రిటైల్ అప్పు ఇచ్చినా కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ముందే ఇవ్వాలని, అది అప్పు తీసుకునేవాళ్లకి అర్థమయ్యే భాషలో ఉండాలని, అన్ని ఛార్జీలూ కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడుతుందో అందులో ఏపీఆర్ అని చూపించాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన పెట్టింది. ఎంత మంచి నిబంధన! కానీ ఏపీఆర్ అనే మూడక్షరాలు చూసి ఇది ఏమిటి అని అడగగలిగే పిల్లాడు మా ఊళ్లలో ఎవరు? ఢిల్లీలో, ముంబైలో మా కోసం కాపలా పెట్టారు. ఆ కాపలావాడిని పిలవడం మా పిల్లలకి మీరు నేర్పలేదు.

ఇంకొకటి నన్ను చాలా బాధ పెట్టింది. పాస్‌బుక్ ప్రింట్ తీయించుకున్నవాళ్లు ఏటా వచ్చి 'ఈ ఇరవై రూపాయలు ఏటికి కోసినారు' అని నాతో గొడవ పడతారు. అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. 436 రూపాయలు కోసేది జీవన్ జ్యోతి, ఎలా చనిపోయినా 2 లక్షలు. హైదరాబాద్‌లో స్లాబ్ పనిలో పడి చనిపోయిన ఒకాయన భార్య చాలా నెలల తర్వాత పింఛన్ సంగతి అడగడానికి వచ్చింది. ఆయన పాస్‌బుక్ తిప్పితే మే నెలలో ఆ 20 రూపాయల వరస కనపడింది. ఎఫ్ఐఆర్ కాపీ, పోస్ట్‌మార్టం రిపోర్టు అప్పుడే తీసుకోవాలని వాళ్లకి ఎవరు చెబుతారు? శవాన్ని ఇంటికి తెచ్చుకోవడమే వాళ్లకి పెద్ద పని అయింది. ఆ ఇంట్లో పదో తరగతి చదువుతున్న కొడుకు ఉన్నాడు. పాస్‌బుక్‌లో ఆ వరస చదవడం బడిలో ఒక్క పీరియడ్‌లో నేర్పి ఉంటే, ఆ తల్లీకొడుకులు కాగితాల కోసం అన్ని నెలల తర్వాత ఊరు కాని ఊరు తిరిగేవారు కాదు.

ఖాతా అద్దెకిస్తే ఐదు వేలు ఇస్తామంటే ఏటీఎం కార్డు, సిమ్ము ఇచ్చేసి, తర్వాత సైబర్ కేసులో ఇరుక్కున్న కుర్రాళ్ల సంగతి పోలీసులే మీకు చెబుతారు. నేను దాని గురించి ఎక్కువ రాయను.

పదో తరగతి సోషల్‌లో డబ్బు, పరపతి మీద పాఠం ఉంది కదా అంటారు. చదివాను. బాగుంది కూడా. వేరుశనగ పంట పోయి, అప్పు తీర్చలేక భూమిలో కొంత అమ్ముకున్న రైతు కథ అందులో ఉంది. మా పిల్లలు ఆ కథను బట్టీ పట్టి, అప్పుల ఊబి అంటే ఏమిటి అన్న ప్రశ్నకి జవాబు రాసి మార్కులు తెచ్చుకుంటారు. అదే వారం వాళ్ల అమ్మ మూడో మైక్రోఫైనాన్స్ గ్రూపులో అప్పుకి సంతకం పెడుతుంది. ఆ పాఠాన్నీ ఆ సంతకాన్నీ కలిపి చూపించే పని ఎవరిదీ కాదు. పరీక్షలో రాయాల్సిన అవసరం లేని ఏ విషయమూ మన బడుల్లో నడవదు సార్, ఇది మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను ఉచితంగా వచ్చి వారానికి ఒక క్లాసు చెబుతానని ఒక హైస్కూల్లో అడిగాను. హెడ్మాస్టర్ గారు మర్యాదగా కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు. పాస్ పర్సంటేజీ తగ్గితే మాకు నోటీసులు వస్తాయమ్మా, పిల్లల టైము మా చేతిలో లేదు అన్నారు. ఆయన్ని నేను తప్పు పట్టలేను. అందుకే అడుగుతున్నాను, దీన్ని పాస్ కావాల్సిన సబ్జెక్ట్ చేయండి అని. ఐచ్ఛికం అంటే మా ఊళ్లలో లేనట్టే. ప్రైవేటు స్కూళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఇదేదో నేను ఊహించుకున్న కోరిక కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఈ పని చేశాయి. ఫ్లోరిడాలో 2022లో చట్టం చేశారు, 2023-24లో తొమ్మిదో తరగతిలో చేరినవాళ్ల నుంచి వ్యక్తిగత ఆర్థిక విషయాల కోర్సు పూర్తి చేయందే హైస్కూల్ పట్టా లేదు. కాలిఫోర్నియాలో 2024లో చట్టం వచ్చింది. స్కూళ్లు 2027-28 నాటికి కోర్సు మొదలుపెట్టాలి, 2030-31లో పాసయ్యే బ్యాచ్ నుంచి అది తప్పనిసరి. స్కూళ్లకి, మాస్టార్లకి సిద్ధం కావడానికి టైము ఇచ్చారు. మన ఆంధ్రా వాళ్ల పిల్లలు ఎందరో అక్కడి బడుల్లో చదువుతున్నారు, వాళ్లు క్రెడిట్ కార్డు వడ్డీ లెక్క నేర్చుకునే బయటికి వస్తారు. కంచిలిలో, కవిటిలో, అటు విజయనగరం జిల్లా గజపతినగరంలో చదివే పిల్లలకి మాత్రం ఆ అవసరం లేదా? నన్నడిగితే వాళ్లకే ఎక్కువ అవసరం. అక్కడ పిల్లాడు తప్పు చేస్తే క్రెడిట్ స్కోరు పడిపోతుంది, ఇక్కడైతే చెల్లి చదువు ఆగిపోతుంది.

ఇంటర్‌లో పెట్టండి అని కొందరు అంటున్నారు. ఇంటర్‌కి వచ్చేవాళ్లు వస్తారు. పదో తరగతి కాగానే చేపల వేటకి గుజరాత్ వెరావల్ వెళ్లే పిల్లలు, చెన్నై, హైదరాబాద్ పనులకి వెళ్లే పిల్లలు ఇంటర్ గడప ఎక్కరు. ముందుగా జీతం చేతిలో పడేది వాళ్లకే. మేస్త్రి ఇచ్చే అడ్వాన్సు కూడా ఒక అప్పే అని తెలియాల్సింది వాళ్లకే.

ఖర్చు గురించి కూడా ఆలోచించండి. జనం దగ్గర డిపాజిట్లు తీసుకుని తిరిగి ఇవ్వని అగ్రిగోల్డ్ కంపెనీలో డబ్బు పెట్టినవాళ్లు దాదాపు 32 లక్షల మంది. వాళ్లలో మన రాష్ట్రంలోని చిన్న డిపాజిటర్లకి 2019 నవంబరులో పది వేల లోపు, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపు ప్రభుత్వమే ఖజానా నుంచి తిరిగి ఇచ్చింది. వందల కోట్లు. ఇవ్వడం మంచిదే, పేదల డబ్బు అది. కానీ డిపాజిట్ తీసుకునే కంపెనీకి అనుమతి ఉందో లేదో చూసుకోవాలని, బ్యాంకులో అయితే ఐదు లక్షల దాకా బీమా ఉంటుందని, బయట కంపెనీలకి అది ఉండదని, అనుమానం ఉంటే రిజర్వ్ బ్యాంక్ సచేత్ పోర్టల్లో ఫిర్యాదు చేయొచ్చని బడిలో చెప్పడానికి అందులో ఎన్నో వంతు ఖర్చవుతుంది? 2010లో మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చిన రాష్ట్రం మనది. ఎన్ని ఇళ్లు కూలాక తెచ్చామో పెద్దవాళ్లకి గుర్తుంది. కూలాక కాకుండా ఈసారి ముందే ఏదైనా చేయండి.

లావుపాటి పుస్తకం అడగడం లేదు. పిల్లల మీద ఇంకో భారం వేయమని కూడా కాదు. పాస్‌బుక్ చదవడం, అప్పు కాగితంలో ఏపీఆర్ వెతకడం, డైలీ ఫైనాన్స్ లెక్క ఏడాదికి తేవడం, చీటీ పాటలో రిజిస్టర్ అయినదేదో కానిదేదో చూడటం, ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం, 1930, బీమా క్లెయిమ్. నిజమైన కాగితాలు ముందు పెట్టి, చదివి చెప్పమని పరీక్ష పెట్టండి. బట్టీకి వీల్లేకుండా పెట్టండి. మాథ్స్ మాస్టారు కొంత, సోషల్ టీచరు కొంత చెప్పగలరు. మీరు పెట్టిన మెగా పేరెంట్ టీచర్ మీటింగులకి తల్లులు బాగానే వస్తున్నారు, అక్కడ పిల్లలే తల్లులకి ఒక అప్పు కాగితం చదివి వినిపించేలా చేయండి. కమిటీ వేస్తాం, పరిశీలిస్తాం అని మాత్రం అనకండి సార్. వారోత్సవాలు, క్విజ్‌లు, వ్యాసరచన పోటీలు చాలా చూశాం. బహుమతి తీసుకున్న పిల్లలూ యాప్‌ల దగ్గర మోసపోయారు. పాస్ కావాల్సిన సబ్జెక్ట్ చేయండి. అది ఒక్కటి చేయండి.

ఈ మార్చిలో పరీక్ష రాసేవాళ్లని ఇబ్బంది పెట్టొద్దు, వాళ్ల సంగతి నేను అడగను. ఇప్పుడు ఎనిమిదిలో ఉన్న పిల్లలు పదికి వచ్చేసరికి ఈ పరీక్ష ఉండాలి. అలా కావాలంటే ఈ విద్యా సంవత్సరంలోనే ఉత్తర్వు రావాలి, పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ పాఠాలు రాయాలి, మాస్టార్లకి శిక్షణ ఇవ్వాలి. మా మండలంలో క్లాసులకి మనిషి కావాలంటే నేను వస్తాను, నాలాంటి బ్యాంకు మిత్రలు ప్రతి మండలంలోనూ ఉన్నారు, వాళ్లనీ అడగండి. ఈ లేఖకి మాత్రం మీ పేషీ నుంచి ఒక మనిషి చదివి రాసిన జవాబు ఇప్పించండి. అందులో ఏ తేదీకి ఏం చేస్తారో రాయమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక బ్యాంకు మిత్ర,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా